పద్దు పుస్తకంలో చిన్నబోయిన అక్షరాలు

మునుగోడు దగ్గరి మా ఊళ్లో పెద్దనాయనకు కిరాణా కొట్టు ఉండేది. అరువు ఖాతాలన్నీ ఆయనే రాసేవాడు, పొడుగాటి ఎర్ర అట్ట పుస్తకాల్లో. ఆయన పోయాక ఒకరోజు వాటిని అటక మీది నుంచి దించి చూశాను. 2008 పుస్తకంలో ఒక్కో అక్షరం చింతగింజంత ఉంది. 2010 వచ్చేసరికి పెసరగింజంత అయింది. 2012లో ప్రతి వరుసా పేరు దగ్గర బాగానే మొదలై, పోను పోను సన్నబడి, రూపాయల అంకె దగ్గరికి వచ్చేసరికి ఆవాలు చల్లినట్టు ఉంది. ఆయనకు పార్కిన్సన్స్ జబ్బని డాక్టరు చెప్పింది 2014లో. అంతకు నాలుగేళ్ల ముందు నుంచే జబ్బు తన జాడను ఆ పుస్తకాల్లో రాసుకుంటూ వచ్చింది. చదవడం మాకే రాలేదు.

రాకపోవడానికి కారణం మా జిల్లాలోనే ఉంది. పెద్దనాయన మెల్లగా నడిచేవాడు. మెడ తిప్పాలంటే ఒళ్లంతా తిప్పేవాడు. మంచం మీది నుంచి లేవాలంటే రెండు మూడు సార్లు ముందుకు ఊగి లేచేవాడు. ఎవరడిగినా "గీ నీళ్లు తాగి తాగి గిట్లైనం బిడ్డా" అనేవాడు. ఆ మాట ఊరికే వచ్చింది కాదు. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. మునుగోడు, మర్రిగూడ దిక్కు బోర్లలో చాలాచోట్ల అంతకు ఎన్నో రెట్లు ఉండేది. అది ఏళ్ల తరబడి ఎముకల్లో పేరుకుంటే కీళ్లు పట్టేస్తాయి, వెన్ను కట్టెలా బిగుస్తుంది. వంగిన నడుములను చూస్తూ పెరిగిన మాకు, బిగుసుకుపోయిన మనిషి కనిపిస్తే ఇంకో కారణం వెతకాలన్న ఆలోచనే రాదు.

కానీ రెండూ ఒకటి కాదు. ఫ్లోరోసిస్‌లో చెడేది ఎముక, కీలు. ఎక్స్‌రే తీస్తే కనిపిస్తుంది. పార్కిన్సన్స్‌లో ఎముక బాగానే ఉంటుంది, బిగుసుకునేది కండరం. మెదడు నుంచి కదలికకు అందాల్సిన సాయం అందకపోవడం వల్ల అలా అవుతుంది. పైగా ఈ జబ్బు చాలావరకు ఒక పక్కనే మొదలవుతుంది. పెద్దనాయన నడుస్తుంటే ఎడమ చేయి ఊగేది, కుడి చేయి ఒంటికి అతుక్కుని ఉండేది. ఇప్పుడు పాత పెళ్లి వీడియోలు చూస్తే అది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

మా దిక్కు వణుకు కూడా దారి తప్పిస్తుంది. నల్లగొండ, పాలమూరు పల్లెల్లో కల్లులో ఆల్ప్రాజోలం, డైజిపామ్ లాంటి మత్తుమందులు కలిపి అమ్మడం కొత్త సంగతేం కాదు. ఆ కల్లుకు అలవాటు పడ్డ మనిషికి ఒకటి రెండు రోజులు అది దొరక్కపోతే చేతులు వణుకుతాయి, మాట తడబడుతుంది, ఫిట్స్ కూడా రావచ్చు. అందుకే ఎవరి చేయి వణికినా "కల్లు పడలేదేమో" అనేస్తారు. ఆ వణుకు ఉన్నట్టుండి వస్తుంది, రెండు చేతులకూ వస్తుంది. పార్కిన్సన్స్ వణుకు తీరు వేరు. చేయి ఒళ్లో ఊరికే పెట్టుకున్నప్పుడు, బొటనవేలు, చూపుడువేలు కలిపి దీపానికి వత్తి పేనుతున్నట్టు నెమ్మదిగా కదులుతాయి. గ్లాసు అందుకోవడానికి చేయి చాపితే ఆ కదలిక తగ్గుతుంది. ఇంకో సంగతి, నూటికి ఇరవై ముప్పై మందికి అసలు వణుకే ఉండదు. మా పెద్దనాయనకు మొదటి ఏళ్లలో లేదు.

మూడో తికమక మందుల షాపు నుంచి వస్తుంది. గ్యాస్ గోళీల్లో కొన్నింటిలో లెవోసల్‌పిరైడ్ అనే మందు కలిసి ఉంటుంది. వాంతులకు ఇచ్చే మెటోక్లోప్రమైడ్, కళ్లు తిరిగితే ఇచ్చే సిన్నరిజిన్, ఫ్లూనరిజిన్ కూడా ఇలాంటివే. ఇవి మెదడులో కదలికను నడిపే డోపమిన్ అనే రసాయనం పనికి అడ్డుపడతాయి. చీటీ లేకుండా నెలల తరబడి వాడిన పెద్దవాళ్లలో అచ్చం పార్కిన్సన్స్ లాంటి బిగువు, నెమ్మది వస్తాయి. మంచి సంగతేమిటంటే, అలా వచ్చింది మందు ఆపిన కొన్ని వారాల్లోనో నెలల్లోనో చాలామందిలో తగ్గిపోతుంది. అందుకే న్యూరాలజిస్టు దగ్గరికి పోయేటప్పుడు ఇంట్లో వాడే గోళీలన్నీ, ఆర్‌ఎంపీ ఇచ్చినవి కూడా, ఒక కవర్లో వేసుకుని పోవాలి. ఏది ఆపాలో, ఎలా ఆపాలో డాక్టరే చెప్పాలి.

ఆ రోజు హైదరాబాద్‌లో డాక్టరు పెద్దనాయనను బొటనవేలుతో చూపుడువేలును గబగబా తట్టమన్నాడు. కుడి చేతి వేళ్లు నాలుగైదు సార్లు తట్టాక చిన్నబోయి ఆగిపోయాయి. మోచేయి పట్టుకుని వంచి చూశాడు. నడిచి వెనక్కి తిరగమన్నాడు. ఒక కాగితం ఇచ్చి నాలుగు వరుసలు రాయమన్నాడు. అంతే. రక్తపరీక్షలో ఈ జబ్బు తేలదు, మామూలు స్కానింగ్‌లో కనిపించదు. అవి వేరే జబ్బులు లేవని తేల్చుకోవడానికే. ట్రోడాట్ అనే స్కాన్ మెదడులో డోపమిన్ కణాల తీగలు ఎంత తగ్గాయో చూపిస్తుంది, అదీ అనుమానం తీరని చోటే అవసరం. 1817లో లండన్ డాక్టరు జేమ్స్ పార్కిన్సన్ ఆరుగురు రోగులను వర్ణించాడు, అందులో కొందరిని వీధిలో నడుస్తుంటే చూసి రాసుకున్నాడు. రెండు వందల ఏళ్ల తర్వాత కూడా రోగనిర్ధారణ ఎక్కువగా చూసే కన్ను మీదే ఆధారపడి ఉంది. ఇది వైద్యుల నేర్పుకు గౌరవమే, కానీ పరిశోధనకు మాత్రం పెద్ద అడ్డంకి.

ఎందుకో చెబుతాను. మధ్య మెదడులో నల్లగా కనిపించే ఒక చిన్న భాగం ఉంది. అందులోని కణాలు డోపమిన్ తయారుచేస్తాయి. ఒళ్లు సాఫీగా కదలాలంటే అది కావాలి. కణాలు కొన్ని చచ్చినా మిగిలినవి సర్దుకుని పని నడిపిస్తాయి. అందుకే చేయి నెమ్మదించి మనం డాక్టరు దగ్గరికి పోయేనాటికి దాదాపు సగం కణాలు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే, పోయి ఉంటాయి.

అయితే ఆ లోపు జబ్బు ఊరికే ఉండదు. వాసన తెలియడం తగ్గుతుంది, మలబద్ధకం వస్తుంది, నిద్ర చెడుతుంది. పొయ్యి మీద పప్పు మాడితే వాకిట్లో ఉన్న పెద్దమ్మకు తెలిసేది, పక్కనే కూర్చున్న పెద్దనాయనకు తెలిసేది కాదు. రాత్రుళ్లు నిద్రలో ఎవరితోనో కొట్లాడుతున్నట్టు చేతులు విసిరేవాడు. గాలి సోకిందని పెద్దమ్మ తాయెత్తు కట్టించి, మంచం దూరంగా వేసుకుంది. కలలు వచ్చే నిద్రలో మెదడు ఒంటిని కట్టేసి ఉంచుతుంది, ఆ కట్టు వదులైతే మనిషి కలలో చేసేది బయట చేస్తాడు. ఇలాంటి నిద్ర జబ్బు ఉన్న 1,280 మందిని గమనిస్తూ వచ్చిన పరిశోధన ఫలితాలు 2019లో వచ్చాయి. 12 ఏళ్లలో నూటికి 73 మందికి పైగా పార్కిన్సన్స్ వైపో, దానికి దగ్గరి చిత్తవైకల్యం వైపో వెళతారని లెక్క తేలింది. మలబద్ధకం చాలామందికి ఉంటుంది, వాసన అనేక కారణాలతో పోతుంది, వాటికి టెన్షన్ పడక్కర్లేదు. కానీ యాభై దాటిన మనిషి నిద్రలో తన్నుతూ అరుస్తుంటే తాయెత్తుతో సరిపెట్టొద్దు, డాక్టరుకు చెప్పాలి.

ఆ తొలి దశలోనే జబ్బును పట్టే పరీక్ష ఇప్పుడు తయారవుతోంది. ఆల్ఫా సైన్యూక్లిన్ అనే ప్రొటీన్ మన నరాల కణాల్లో మామూలుగానే ఉంటుంది. ఈ జబ్బుకు దానితో సంబంధం ఉందని 1997లో తేలింది. అది తప్పుగా మడతపడితే పక్కనున్న మంచి ప్రొటీన్‌ను కూడా తనలాగే మార్చేస్తుంది, గిన్నెడు పాలను ఒక్క చుక్క తోడు పెరుగు చేసినట్టు. పరీక్ష కూడా తోడు పెట్టి చూడడమే. మంచి ప్రొటీన్ ఉన్న ద్రవంలో రోగి వెన్నునీరు కొంచెం కలిపి, కదుపుతూ ఉంచుతారు. తోడు ఉంటే గడ్డ కడుతుంది, కలిపిన రంగు మెరుస్తుంది. లేకపోతే ఏమీ కాదు. 2023లో 1,123 మందిపై వచ్చిన ఫలితాల్లో ఈ పరీక్ష పార్కిన్సన్స్ ఉన్నవాళ్లలో దాదాపు 88 శాతం మందిని సరిగ్గా పట్టింది. వాసన తగ్గినా, నిద్ర జబ్బు ఉన్నా, ఇంకా నడక చెడని వాళ్లలోనూ చాలామందిలో తోడు దొరికింది. ఒకరకం జన్యుమార్పు ఉన్నవాళ్లలో మాత్రం అంత బాగా పట్టలేదు. ఎల్‌ఆర్‌ఆర్‌కే2 అనే ఆ మార్పు ఉన్న కొందరిలో అసలు ఆ గడ్డలే ఉండవు. దీన్నిబట్టి పార్కిన్సన్స్ ఒకే జబ్బు కాదని నాకనిపిస్తుంది. మెడ, తొడ, కాలి దగ్గర గోరంత చర్మం తీసి చూసే పద్ధతి ఫలితాలు 2024లో వచ్చాయి, అది దాదాపు 93 శాతం మందిలో ఆ ప్రొటీన్‌ను చూపింది. నడుములో సూది గుచ్చడమంటే భయపడే మనవాళ్లకు ఇది ఎక్కువ నచ్చుతుంది. అయితే చర్మంలో ఆ ప్రొటీన్ దొరికినంత మాత్రాన అది పార్కిన్సన్సేనని చెప్పలేం. దాని దాయాది జబ్బులు కొన్నింటిలోనూ కనిపిస్తుంది.

చికిత్స కథలో మన మొక్కలు రెండున్నాయి. సర్పగంధ వేరు నుంచి తీసిన రిసర్పిన్ అనే మందు ఇస్తే కుందేళ్లు కదలకుండా పడిపోయేవి. 1957లో స్వీడన్ శాస్త్రవేత్త ఆర్విడ్ కార్ల్‌సన్ వాటికి మెదడులో డోపమిన్‌గా మారే లెవోడోపా ఎక్కించగానే లేచి తిరిగాయి. డోపమిన్ ప్రాముఖ్యం అలా బయటపడింది, 2000లో ఆయనకు నోబెల్ వచ్చింది. రెండోది దూలగొండి. కాయ మీది నూగు తగిలితే దురదతో ప్రాణం పోయినట్టుండే ఆ తీగ గింజల్లో లెవోడోపా ఉందని 1937లోనే దామోదరన్, రామస్వామి తేల్చారు. అలాగని గింజల పొడి కొనుక్కుని గోళీలు మానేయొద్దు. పొడిలో మందు ఎంత ఉందో తెలియకుండా మోతాదు సర్దడం కుదరదు. లెవోడోపాకు తోడుగా కార్బిడోపా కలిపిన గోళీ, మనవాళ్లు ఎక్కువగా సిండోపా అని పిలిచేది, ఇప్పటికీ అన్నింటికన్నా బాగా పనిచేసే మందు. పప్పు, గుడ్డు, మటన్‌లోని ప్రొటీన్ దానికి అడ్డుపడుతుంది కాబట్టి తిండికి అరగంట ముందే వేసుకుంటే మేలు. కొన్నేళ్లకు మందు పనిచేసే గంటలు తగ్గుతాయి. అప్పుడు తగిన వాళ్లకు మెదడులో సన్నటి తీగ పెట్టి కరెంటు పంపే ఆపరేషన్ ఉంది. 1987లో ఫ్రాన్స్‌లో మొదలైన ఆ పద్ధతి ఇప్పుడు నిమ్స్‌లోనూ చేస్తున్నారు.

ఇవన్నీ లక్షణాలను తగ్గించేవే. జబ్బును ఆపే మందు ఇంకా లేదు. తప్పుడు ప్రొటీన్‌ను పట్టుకునే ప్రాసినెజుమాబ్ అనే యాంటీబాడీ 2022లో వెలువడ్డ పరీక్షల్లో అనుకున్న ఫలితం ఇవ్వలేదు. షుగర్ మందు ఎక్సెనటైడ్ మీద చాలా ఆశ ఉండేది, 2025 ఫలితాలు దాన్నీ నిలబెట్టలేదు. ఈ మందులు పనికిరానివో, లేక సగం కణాలు పోయాక ఇచ్చినందుకు ఓడిపోయాయో, తేల్చేది తొలి దశలో పట్టే పరీక్షే. అందుకే కొత్త మందుకంటే ఆ తోడు పరీక్ష వార్తకే నేను ఎక్కువ సంతోషించాను. 2025 ఏప్రిల్‌లో క్యోటో వైద్యులు మూల కణాల నుంచి పెంచిన డోపమిన్ కణాలను ఏడుగురి మెదడులో నాటి, పెద్ద ప్రమాదమేమీ రాలేదని చెప్పారు. పరిశీలించిన ఆరుగురిలో నలుగురి కదలికలు మందు వేసుకోని వేళల్లోనూ మెరుగయ్యాయి. ఏడుగురంటే చాలా తక్కువ, అయినా నాటిన కణం బతికి డోపమిన్ చేసిందన్నది పెద్ద సంగతి.

పెద్దనాయన 2016 దాకా ఖాతాలు రాశాడు. 2015 పుస్తకంలో పొద్దున రాసిన వరుసల్లో అక్షరాలు మళ్లీ పెసరగింజంత ఉన్నాయి, కొన్నిచోట్ల అంతకంటే పెద్దవి. మధ్యాహ్నం గోళీ వేళ దగ్గర పడేకొద్దీ అవి సన్నబడ్డాయి. సాయంత్రం వరుసలు మళ్లీ ఎత్తుకున్నాయి. ఉప్పు, కందిపప్పు, బెల్లం, కిరసనాయిలు. ఏ గంటకు ఏ సరుకు పోయిందో ఆయన రాయలేదు, కానీ ఏ వరుస ఏ గోళీ తర్వాత రాసిందో ఇప్పుడు నేను చెప్పగలను.