సీటు వచ్చింది సరే, లేచేదెప్పుడు?

కాలేజీలో చేరడాన్ని మనం ‘సీటు రావడం’ అంటాం. ఎంసెట్‌లో (ఇప్పుడది ఈఏపీసెట్) ర్యాంకు వచ్చిందంటే చుట్టాలు అడిగే మొదటి ప్రశ్న ‘సీటెక్కడొచ్చింది?’ అనే. బస్సులో సీటైనా, అసెంబ్లీలో సీటైనా, ఇంజినీరింగ్‌లో సీటైనా దొరికితే వదలకూడదు. నిలబడటం మాత్రం తరగతిలో శిక్ష. హోంవర్క్ చేయకపోతే బెంచీ ఎక్కిస్తారు, పక్కవాడితో మాట్లాడితే గోడకుర్చీ వేయిస్తారు. గోడకుర్చీలో కుర్చీ ఉండదు, అదే శిక్ష. పదిహేనేళ్లు ఇలా పెరిగి యూనివర్సిటీకి వచ్చిన కుర్రాడికి ఇప్పుడు డాక్టర్లు ‘అరగంటకోసారి లేచి నిలబడు నాయనా’ అని చెబుతున్నారు.

కారణం లేకుండా చెప్పడం లేదు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఏఐజీ హాస్పిటల్స్ పరిశోధకులు కలిసి నగరంలోని 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షించి 2025లో ఒక అధ్యయనం ప్రచురించారు. వారిలో 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు ఎక్కువగా ఉంది, 71 శాతం మందికి ఊబకాయం ఉంది. గంటల తరబడి కూర్చోవడం, పని ఒత్తిడి, షిఫ్టులు, చాలని నిద్ర అని కారణాలు చెప్పారు. ఆ వార్త వచ్చినప్పుడు అందరూ ఐటీ కంపెనీల వైపు చూశారు. నాకైతే కాలేజీ బెంచీ వైపు చూడాలనిపించింది. వాళ్లలో ఎవరూ ఆఫర్ లెటర్ అందిన రోజున కూర్చోవడం మొదలుపెట్టలేదు కదా.

కూర్చుంటే ఒంటికి మంచిది కాదన్న అనుమానం పాతదే. 1700లోనే ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రామజ్జిని, వృత్తుల వల్ల వచ్చే జబ్బుల గురించి రాస్తూ దర్జీల వంటి కూర్చుని పనిచేసేవాళ్లు కనీసం సెలవు రోజుల్లోనైనా ఒళ్లు కదిలించాలని సలహా ఇచ్చాడు. (మన ‘కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయి’ సామెత ఆస్తి గురించి. కూర్చుంటే కొవ్వు మాత్రం కరగదు.) అయితే అనుమానానికి లెక్క తోడైంది లండన్ బస్సుల్లో. జెర్రీ మోరిస్ అనే డాక్టరు, ఆయన బృందం డబుల్ డెక్కర్ బస్సుల డ్రైవర్లను, కండక్టర్లను పోల్చి 1953లో లాన్సెట్ పత్రికలో ఫలితాలు ప్రకటించారు. ఇద్దరూ ఒకే బస్సులో, ఒకే రోడ్డు మీద, ఇంచుమించు ఒకే తరగతి జీవితం గడిపేవాళ్లు. తేడా ఒక్కటే. డ్రైవర్ రోజంతా కూర్చుంటాడు, కండక్టర్ టికెట్లు కొడుతూ రోజుకు 500 నుంచి 750 మెట్లు ఎక్కుతాడు. గుండెజబ్బు కండక్టర్లలో తక్కువగా కనిపించింది. మన ట్యాంక్‌బండ్ మీద కూడా ఒకప్పుడు డబుల్ డెక్కర్లు తిరిగేవి. ఆ ఇరుకు మెట్ల మీద తోలుసంచితో ఎక్కిదిగిన కండక్టర్లను చూసినవాళ్లకు మోరిస్ లెక్క విడమరిచి చెప్పనక్కర్లేదు.

మోరిస్ అక్కడితో ఆగలేదు. తర్వాత వాళ్ల యూనిఫాం కొలతలు తీసి చూస్తే డ్రైవర్ల ప్యాంట్ల నడుము చుట్టుకొలతే ఎక్కువని తేలింది. అంటే లావుగా ఉన్నవాళ్లే డ్రైవర్లుగా చేరుతున్నారేమో అన్న ప్రశ్నను ఆయనే లేవనెత్తాడు. తన సిద్ధాంతంలో లోపాన్ని తనే వెతుక్కునే ఇలాంటి పరిశోధకులంటే నాకు గురి.

ఆ తర్వాత యాభై ఏళ్లు ఈ లెక్కను అందరూ ‘వ్యాయామం చేయాలి’ అనే చదివారు. కూర్చోవడాన్ని విడిగా చూడటం ఈ శతాబ్దంలో మొదలైంది. పొద్దున గంట జిమ్ చేసినవాడు మిగతా పది గంటలు కుర్చీకి అతుక్కుపోతే సంగతేంటన్నది కొత్త ప్రశ్న. 2012లో ఆస్ట్రేలియాలో డేవిడ్ డన్‌స్టన్ బృందం 19 మందిని గ్లూకోజ్ కలిపిన పానీయం తాగించి ఐదు గంటలు కూర్చోబెట్టింది. ఇంకో రోజు అలాగే కూర్చోబెట్టి, 20 నిమిషాలకోసారి లేపి 2 నిమిషాలు నెమ్మదిగా నడిపించింది. నడిచిన రోజున రక్తంలో చక్కెర పెరుగుదల దాదాపు నాలుగో వంతు తగ్గింది. పెద్ద కండరాలు కాస్త కదిలినా రక్తంలోని గ్లూకోజ్‌ను లాక్కుంటాయి, అవి నిద్రపోతే ఆ పని మందగిస్తుంది. 2016లో పది లక్షల మందికి పైగా సమాచారాన్ని కలిపి చూసిన విశ్లేషణలో రోజుకు 60 నుంచి 75 నిమిషాలు చురుగ్గా నడిచేవాళ్లకు, ఎక్కువసేపు కూర్చోవడం వల్ల పెరిగే ముప్పు దాదాపు కనిపించలేదు. అంత నడక ఎవరికుంది అన్నది వేరే సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల్లో తొలిసారి కూర్చోవడం తగ్గించమని విడిగా చెప్పింది. ఇన్ని గంటలు మించకూడదని మాత్రం గీత గీయలేదు, అందుకు తగిన ఆధారాలు లేవని ఒప్పుకుంది.

యూనివర్సిటీ విద్యార్థుల సంగతి ప్రత్యేకంగా చూసినవాళ్లూ ఉన్నారు. 2020లో వచ్చిన ఒక సమీక్ష 125 అధ్యయనాలను కలిపి చూసింది. ఎంతసేపు కూర్చుంటారని అడిగితే విద్యార్థులు రోజుకు సగటున 7 గంటల పైచిలుకు చెప్పారు. ఒంటికి పరికరం కట్టి కొలిస్తే అది 10 గంటలకు దగ్గరగా వచ్చింది. ఆ తేడా అబద్ధం కాదు. కూర్చోవడం మనకు గుర్తుండే పని కాదు, అంతే.

ఇక మన ఊరి కథ. వీధిబడి రోజుల్లో పిల్లలు బాసింపట్టు వేసుకుని నేల మీద కూర్చుని ఇసుకలో ఓనమాలు దిద్దేవాళ్లు. నేల మీద కూర్చున్నవాడు లేవాలంటే తొడలు పనిచేయాల్సిందే. ఇళ్లలో కూరలు తరిగినా, అంట్లు తోమినా గొంతుక్కూర్చునే. టాంజానియాలో ఇప్పటికీ వేట, సేకరణల మీద బతికే హాడ్జా జనాన్ని పరిశీలించిన 2020 నాటి అధ్యయనం ఒకటి నాకు బాగా నచ్చింది. వాళ్లు కూడా రోజుకు దాదాపు 10 గంటలు విశ్రాంతిగానే ఉంటారట. కాకపోతే ఆ సేపులో కొంత భాగం గొంతుక్కూర్చుని, మోకాళ్ల మీద ఆని. ఆ భంగిమలో కాళ్ల కండరాలు పూర్తిగా పడుకోవు. కుర్చీ మనకు తెచ్చిపెట్టింది కండరాలకు పూర్తి సెలవు.

1918లో మొదలైన ఉస్మానియా యూనివర్సిటీ 1930లలో అడిక్‌మెట్‌కు మారింది. 1934లో పునాది వేసిన ఆర్ట్స్ కాలేజీ భవనం 1939లో తెరుచుకుంది. వెయ్యి ఎకరాలకు పైగా ఉన్న ఆ క్యాంపస్‌లో హాస్టల్ నుంచి క్లాసుకు, క్లాసు నుంచి లైబ్రరీకి నడక తప్పేది కాదు. ఇక అక్కడి ఉద్యమాల్లో ఎన్‌సీసీ గేటు దాకా సాగిన నడకలు చరిత్రలోకెక్కాయి. 1974లో వచ్చిన సెంట్రల్ యూనివర్సిటీకి గచ్చిబౌలిలో 2,300 ఎకరాలు ఇచ్చారు. ఈ క్యాంపస్‌ల స్థలమే విద్యార్థిని కదిలించేది, ఎవరూ పనిగట్టుకుని చెప్పాల్సిన అవసరం ఉండేది కాదు.

మార్పు 1980లలో ఎంసెట్‌తో మొదలైందని నా అభిప్రాయం. ప్రవేశపరీక్ష వచ్చాక కోచింగ్ వచ్చింది, కోచింగ్ తర్వాత రెసిడెన్షియల్ ఇంటర్ కాలేజీ. తెల్లవారకముందే స్టడీ అవర్, రాత్రి పది దాకా మళ్లీ స్టడీ అవర్, ఆటస్థలం ఉండాల్సిన చోట ఇంకో బ్లాక్. రెండేళ్లు కదలకుండా కూర్చోవడంలో శిక్షణ పూర్తయ్యాకే మన పిల్లలు యూనివర్సిటీ గడప తొక్కుతారు. 2008 ప్రాంతంలో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చాక ఘట్‌కేసర్, ఇబ్రహీంపట్నం, మేడ్చల్ వైపు ఇంజినీరింగ్ కాలేజీలు వరసకట్టాయి. మియాపూర్‌లో ఉండి ఘట్‌కేసర్ అవతల చదివే అమ్మాయికి కాలేజీ బస్సులోనే రానూపోనూ మూడు గంటలు పోతాయి. ఆరు పీరియడ్లు, ల్యాబ్ రికార్డులు, ఫోను కలిపితే పది గంటలు ఇట్టే దాటుతుంది. ఆపైన 75 శాతం హాజరు నిబంధన. హాజరంటే అక్కడ కూర్చుని ఉండటమే, బెంచీ మీద కనిపించాలి. 2016లో డేటా చవకైంది. 2020 లాక్‌డౌన్‌లో క్లాసే మంచం మీదికి వచ్చేసింది.

దీని వెనకున్న కోరికను చిన్నచూపు చూడలేం. ఎండలో నాట్లేసిన తల్లి, సెంట్రింగ్ పనిచేసిన తండ్రి కొడుకు కోసం అడిగేది ‘నీడపట్టున కూర్చుని చేసే ఉద్యోగం’. 1998లో సైబర్ టవర్స్ తెరుచుకున్నప్పటి నుంచి ఆ నీడకు ఏసీ కూడా చేరింది. అదే నగరంలో కూకట్‌పల్లి బట్టల షోరూముల్లో అమ్మాయిలు పొద్దుటి నుంచి రాత్రి దాకా నిలబడే ఉంటారు. వాళ్లలాంటి వాళ్లకు కూర్చునే హక్కు ఇస్తూ కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టాలు సవరించాయి. కదలకుండా నిలబడటమూ ఆరోగ్యం కాదు, కాళ్ల సిరలు ఉబ్బుతాయి. అందుకే విద్యార్థులకు ఎత్తు బల్లలు కొనిపెడితే సరిపోతుందన్న వాదన నన్ను ఒప్పించదు. భంగిమ మారుతూ ఉండాలి.

అశోక్‌నగర్‌లో ఏ స్టడీ హాల్‌కైనా వెళ్లి చూడండి. గ్రూప్స్‌కు చదివేవాళ్లు నెలకింతని కట్టి కూర్చునే గది. మనిషికో ప్లైవుడ్ గూడు, తలపైన ట్యూబ్‌లైటు, గోడకు అంటించిన రాజ్యాంగ అధికరణల చీటీలు. ప్లాస్టిక్ కుర్చీలో ఇంటి నుంచి తెచ్చుకున్న దిండు మధ్యలో అణిగిపోయి పూరీలా ఉంటుంది. అరచేయంత చోటు కూడా ఖాళీ లేని ఆ బల్ల మీద రెండు లీటర్ల నీళ్ల సీసా మాత్రం తప్పనిసరి, నీళ్ల కోసం లేవకుండా. ఎందుకు లేవవని అడిగితే ‘ఫ్లో పోతదన్నా’ అంటారు. సాయంత్రం కింద చాయ్ బండి దగ్గర మాత్రం ఇరవై నిమిషాలు నిలబడే మాట్లాడుకుంటారు. చదివింది ఒకరికొకరు అప్పజెప్పుకునేదీ అక్కడే.

ఇది ఆరోగ్య శాఖ పట్టించుకోవాల్సిన విషయమా అంటే, ఉస్మానియా పక్కనే తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ లెక్క చూడొచ్చు. కూర్చుని పనిచేసే మగవాడికి రోజుకు 2,110 కిలో కేలరీలు చాలు, ఓ మోస్తరు శ్రమ చేసేవాడికి 2,710 కావాలి. ఆడవాళ్లకు 1,660, 2,130. హాస్టల్ మెస్‌లో వడ్డించేవాడికి ఈ తేడాతో పనిలేదు, ఇద్దరికీ అదే అన్నం గరిటె. 2022 నాటికి దేశంలో పెద్దవాళ్లలో దాదాపు సగం మందికి చాలినంత శారీరక శ్రమ లేదని 2024లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రిక ప్రచురించింది. ఆడవాళ్లలో 57 శాతం, మగవాళ్లలో 42. చీకటి పడేసరికి లోపలుండాలనే లేడీస్ హాస్టల్ నియమం, ‘పద్ధతిగా కూర్చో’ అనే ఇంటి మాట ఈ పదిహేను శాతం తేడాలో ఎంతో కొంత ఉండే ఉంటాయి.

విదేశీ యూనివర్సిటీల్లో తరగతిలో నిలబడి వినే బల్లలు వేశారు, పాఠం మధ్యలో లేచే విరామాలు పెట్టారు. అందరూ కూర్చున్నచోట తనొక్కడే లేవడం విద్యార్థికి సిగ్గు. లెక్చరరే ‘రెండు నిమిషాలు అందరూ లేవండి’ అంటే ఆ సిగ్గు పోతుంది. మన దగ్గర ఇది ఇంకా నిజం, ఎందుకంటే నిలబడినవాడు తప్పు చేసినట్టే లెక్క. పీరియడ్‌కూ పీరియడ్‌కూ మధ్య ఐదు నిమిషాలు టైంటేబుల్‌లో రాసిపెట్టడానికి, వాటర్ ఫిల్టర్‌ను కారిడార్ చివరికి మార్చడానికి పైసా ఖర్చు లేదు. కానీ ఐదు నిమిషాలు వదిలితే పిల్లలు తిరిగి క్లాసుకు రారని మేనేజ్‌మెంట్ల భయం. ఆ భయం పూర్తిగా తప్పని కూడా అనలేను.

రాత్రి తొమ్మిదింటికి అమీర్‌పేటలో ఏ పీజీ హాస్టల్ డాబా ఎక్కినా ఒక దృశ్యం కనిపిస్తుంది. నీళ్ల ట్యాంకు చుట్టూ, ఆరేసిన బట్టల కింద నుంచి తల వంచుకుంటూ, చెవికి ఫోను ఆనించి పదిమంది కుర్రాళ్లు రౌండ్లు కొడుతుంటారు. రోజు మొత్తం మీద వాళ్లు ఆగకుండా నడిచే అరగంట అదే. అవతల నుంచి అమ్మ అడుగుతుంది, చదువుకుంటున్నావా, తిరుగుతున్నావా అని. లేదమ్మా, రూంలోనే కూర్చుని చదువుకుంటున్నా అని చెబుతూ ట్యాంకు చుట్టూ ఇంకో మలుపు తిరుగుతాడు.