మన టైప్, డేటాబేస్ టైప్: మధ్యలో జారిపోయే అర్థం

వీధి, ఊరు, పిన్‌కోడ్‌లను ఒక టేబుల్‌లో మూడు కాలమ్‌లుగా పెట్టొచ్చు. లేదా మూడింటినీ కలిపి ‘చిరునామా’ అనే కొత్త టైప్‌ను (డేటా రకాన్ని) డేటాబేస్‌లోనే సృష్టించుకుని ఒకే కాలమ్‌లో దాచొచ్చు. 1986లో బర్క్‌లీలో మైఖేల్ స్టోన్‌బ్రేకర్ పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ ప్రాజెక్టు మొదలుపెట్టినప్పుడు పెట్టుకున్న ముఖ్య లక్ష్యాల్లో ఇదొకటి: డేటాబేస్‌తో పాటు వచ్చే టైపులతో సరిపెట్టుకోకుండా, వాడేవాళ్లు తమకు కావలసినవి తామే చేర్చుకోగలగాలి. ఆ పని ఇప్పుడు చాలా తేలిక. అసలు కష్టం ఆ చిరునామాను కోడ్‌లో మళ్లీ చిరునామాగానే అందుకోవడంలో ఉంది.

ఎందుకంటే డ్రైవర్‌కు, అంటే మన కోడ్‌ను డేటాబేస్‌తో కలిపే లైబ్రరీకి, కనిపించేది టైప్ పేరు కాదు, ఒక నంబర్. పోస్ట్‌గ్రెస్ ఇప్పటి రూపమైన పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో మామూలు పూర్ణాంకం నంబర్ 23, టెక్స్ట్ నంబర్ 25. ఏ సర్వర్‌లో చూసినా అవే, కాబట్టి డ్రైవర్‌లో ముందే రాసి ఉంటాయి. మనం సృష్టించే టైపులకు మాత్రం 16384 నుంచి మొదలుపెట్టి, సృష్టించిన క్షణంలో ఏది ఖాళీగా ఉంటే అది దక్కుతుంది. టెస్ట్ సర్వర్‌లో ఒక నంబర్, అసలు సర్వర్‌లో ఇంకొకటి. అందుకే డ్రైవర్ డేటాబేస్ తన టైపుల వివరాలు దాచుకునే కేటలాగ్‌లో పేరుతో వెతికి నంబర్ తెలుసుకోవాలి, దానికి ఏ క్లాస్ జోడీయో మనం చెప్పాలి. ఈ రిజిస్ట్రేషన్ మర్చిపోతే, చాలా డ్రైవర్లలో చిరునామా బదులు బ్రాకెట్లు, కామాలతో కూడిన ఒక స్ట్రింగ్ చేతికొస్తుంది.

ఆ స్ట్రింగ్‌ను కామాల దగ్గర కోసి పని కానిచ్చేద్దామనిపిస్తుంది. దయచేసి ఆ పని చేయకండి. వీధి పేరులోనే కామా ఉంటే డేటాబేస్ దాని చుట్టూ కోట్స్ పెడుతుంది, మన కోత తప్పుతుంది. అంతకన్నా సూక్ష్మమైన తేడా ఇంకోటుంది: రెండు కామాల మధ్య ఏమీ లేకపోతే అది నల్, ఖాళీ కోట్స్ ఉంటే అది ఖాళీ టెక్స్ట్. ‘వీధి తెలియదు’, ‘వీధి పేరు లేదు’ అనే రెండు వేరువేరు సంగతులు, కోసి కోట్స్ తీసేసరికి, ఒకటైపోతాయి.

ఫీల్డుల వరుస మరీ ప్రమాదకరం. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌కు మ్యాప్ డేటాను జోడించే పోస్ట్‌జీఐఎస్‌లో ఒక బిందువుకు ముందు రేఖాంశం, తర్వాత అక్షాంశం ఇవ్వాలి. మనం మాట్లాడేటప్పుడు సాధారణంగా అక్షాంశమే ముందు చెబుతాం. రెండూ దశాంశ సంఖ్యలే కాబట్టి తారుమారైనా ఏ ఎర్రరూ రాదు, బిందువు మాత్రం ఇంకెక్కడో పడుతుంది. అక్షాంశం 90 డిగ్రీలు దాటకూడదని తనిఖీ పెట్టినా, రెండూ 90 లోపే ఉంటే అదీ పట్టుకోలేదు. అందుకే ఫీల్డులను స్థానంతో కాకుండా పేరుతో జతచేయడమే మంచిదంటాను.

ఈనమ్‌లదీ, అంటే ముందే నిర్ణయించిన కొన్ని విలువల్లో ఒకటే తీసుకునే టైపులదీ, ఇదే కథ. జావా ఆబ్జెక్టులను డేటాబేస్‌లో దాచే ప్రమాణమైన జేపీఏ, మనం వేరేగా చెప్పకపోతే, ఈనమ్ విలువను దాని వరుస సంఖ్యగా దాస్తుంది: 0, 1, 2. కొన్నాళ్లకు ఎవరో మధ్యలో కొత్త విలువ చేర్చారనుకోండి. నిన్నటి దాకా ‘డెలివరీ అయింది’ అని ఉన్న పాత రికార్డులన్నీ చప్పుడు లేకుండా మరో అర్థానికి మారిపోతాయి. పేరుతో దాస్తే ఈ గొడవ ఉండదు. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ సొంత ఈనమ్‌లో విలువను మధ్యలో చేర్చినా పాత రికార్డులు చెడవు. అయితే చేర్చిన విలువను తర్వాత తీసేయలేం. కొత్త విలువ వచ్చేటప్పుడు దాన్ని చదవగల కోడ్ ముందు వెళ్లాలి, డేటాబేస్ మార్పు తర్వాత. తెలియని విలువ ఎదురైతే ఏదో ఒక డిఫాల్ట్‌తో సర్దేయకుండా ఎర్రర్ ఇవ్వడమే నయం.

ఈ మార్పిడంతా ఒక్కచోటే ఉండాలి. 2013లో వచ్చిన జేపీఏ 2.1 ఇందుకు కన్వర్టర్లను ఇచ్చింది, జేపీఏను అమలు చేసే హైబర్నేట్‌లో యూజర్‌టైప్ ఉంది, మిగతా భాషల డ్రైవర్లలోనూ ఇలాంటివి దొరుకుతాయి. దానికి రాయాల్సిన టెస్ట్ కూడా చిన్నదే: ఆబ్జెక్ట్‌ను నిజమైన డేటాబేస్‌లో రాసి, తిరిగి చదివి, రెండూ సమానమో కాదో చూడాలి. ఆ ఆబ్జెక్టుల్లో ఒక నల్, ఒక ఖాళీ టెక్స్ట్, కామా ఉన్న వీధి పేరు, కోట్ గుర్తు ఉన్న ఊరి పేరు తప్పకుండా ఉండాలి.