సెల్ఫ్ తిరుగుతున్నా ఇంజిన్ అందుకోకపోతే: అపోహలు, వాస్తవాలు

భీమవరం చుట్టుపక్కల బండ్ల కరెంటు పని చేసేవాడిని. వానలు మొదలయ్యాయంటే నాకు ఒకే రకం ఫోన్లు వస్తుంటాయి. "సెల్ఫ్ బాగానే తిరుగుతోందండీ, ఇంజిన్ మాత్రం అందుకోవడం లేదు. ఫలానా సెన్సర్ పోయిందట. మీ దగ్గర ఉందా, ఎంత పడుతుంది?" అని అడుగుతారు. ఆ బండిని నేనింకా చూడనే లేదు. చెప్పినవారు కూడా బానెట్ తెరిచి చూసి ఉండరు. పోయిన పార్టు పేరు మాత్రం ఖాయమైపోయి ఉంటుంది. ఈ తొందర వల్ల జనం ఎంత డబ్బు పోగొట్టుకుంటున్నారో రోజూ చూస్తున్నాను కాబట్టి రాస్తున్నాను.

అపోహ: స్కానర్ పెడితే పోయిన పార్టు ఏదో తెలిసిపోతుంది, అది మార్చేస్తే చాలు.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేస్తున్నది ఇదే. స్కానర్ అంటే బండిలోని కంప్యూటర్ నమోదు చేసిన లోపాల కోడ్‌లను చదివే పరికరం. అది పార్టు పేరు చెప్పదు. ఏ సర్క్యూట్‌లో తేడా వచ్చిందో చెబుతుంది. ఉదాహరణకు పి0335 కోడ్ తీసుకోండి. క్రాంక్ షాఫ్ట్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) పొజిషన్ సెన్సర్ సర్క్యూట్‌లో లోపం ఉందని దాని అర్థం. ఆ సర్క్యూట్‌లో సెన్సర్ ఒక్కటే ఉండదు. దానికి వెళ్లే వైర్లు, కనెక్టర్, ఎర్తు, ఎదురుగా తిరిగే పళ్ల చక్రం, చివరికి ఈసీఎమ్, అంటే ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్ కూడా అందులోవే. ఇంజిన్ తిరుగుతోందని ఈసీఎమ్‌కు తెలిసేది ముఖ్యంగా ఆ సెన్సర్ పంపే సంకేతం వల్లే. అది అందకపోతే చాలా ఇంజిన్లలో స్పార్కు రాదు, ఇంజెక్టర్లు తెరుచుకోవు. సెల్ఫ్ మాత్రం బ్రహ్మాండంగా తిరుగుతూనే ఉంటుంది. సంకేతం ఎక్కడ ఆగిపోయిందో వెతకడమే మా పని. తెర మీద 'సెన్సర్' అన్న మాట కనబడగానే కొత్త సెన్సర్ తెప్పించడం వెతకడం కాదు.

మొగల్తూరు వైపు నుంచి ఒక రొయ్యల రైతు తన పెట్రోలు కారును తాడు కట్టించి తీసుకొచ్చారు. అప్పటికే వేరేచోట సెన్సర్ మార్చారు. స్టార్ట్ కాకపోతే, వేసింది నాసిరకం అంటూ కంపెనీ సెన్సర్ తెప్పించి మళ్లీ మార్చారు. అదీ పని చేయలేదు. ఇక ఈసీఎమ్ మార్చాల్సిందే అన్నారట. ఆ ఖర్చు విని ఆయనకు భయం పట్టుకుంది.

స్కానర్ కలిపి సెల్ఫ్ కొట్టమన్నాను. ఇంజిన్ తిరుగుతోంది, తెర మీద ఆర్పీఎమ్ సున్నా. సంకేతం రావడం లేదన్నంత వరకు కోడ్ చెప్పింది నిజమే. సెన్సర్ కనెక్టర్ విప్పాను. మూడు వైర్లు: ఒకటి 5 వోల్టుల సప్లై, ఒకటి ఎర్తు, ఒకటి సిగ్నల్. తాళం ఆన్ చేసి మీటరు ఎర్ర తీగను సప్లై పిన్నుకు, నల్ల తీగను బ్యాటరీ నెగటివ్‌కు ఆనిస్తే 5 వోల్టులు చూపింది. నల్ల తీగను తీసి అదే కనెక్టర్‌లోని ఎర్తు పిన్నుకు ఆనించాను. మీటరు కదల్లేదు. సప్లై వస్తోంది, ఎర్తు అందడం లేదు. ఆ వైరును చేత్తో తడుముకుంటూ వెళితే ఒక వంపు దగ్గర మెత్తగా తగిలింది. పైన తొడుగు చెక్కుచెదరలేదు. కోసి చూస్తే లోపల రాగి లేదు, పచ్చటి పొడి రాలింది. ఏళ్ల తరబడి చెరువు గట్టు మీదే, ఉప్పుగాలిలో నిలిపిన కారు అది. సముద్రానికి దగ్గరగా ఉండే మన ఊళ్లలో ఇలాంటివి కొత్త కాదు.

జానెడు కొత్త వైరు వేసి, టంకం పెట్టి, స్లీవ్ తొడిగాను. సెల్ఫ్ కొట్టగానే ఇంజిన్ అందుకుంది. మొదట విప్పేసిన సెన్సర్‌ను ఆయన సంచిలో వేసుకొచ్చారు. దాన్నే తిరిగి బిగించి చూపించాను. దానితోనూ స్టార్ట్ అయింది. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. "అయితే ఇది మొదటి నుంచీ మంచిదేనా?" అన్నారు. మంచిదే.

డీజిల్ బండ్లలో ఇదే కథ పి0087 కోడ్‌తో నడుస్తుంది. రైల్‌లో, అంటే ఇంజెక్టర్లన్నిటికీ డీజిల్ అందించే గొట్టంలో, ప్రెషర్ తక్కువగా ఉందని ఆ కోడ్ అర్థం. సెల్ఫ్ కొట్టినప్పుడు దాదాపు 200 బార్ ప్రెషర్ రాకపోతే ఇలాంటి రైల్ ఉన్న (కామన్ రైల్) ఇంజిన్లలో చాలావరకు ఇంజెక్టర్లను తెరవవు. కోడ్ కనబడిందో లేదో "పంపు పోయింది, ఇంజెక్టర్లు నాలుగూ మార్చాలి" అని తీర్పు వచ్చేస్తుంది. ఆగండి. ముందు ఫిల్టర్ అడుగున చేరిన నీళ్లు వదిలి చూశారా? ఫిల్టర్ ఎప్పుడు మార్చారు? ట్యాంకు నుంచి వచ్చే గొట్టం ఎక్కడైనా పగిలి గాలి పీలుస్తోందా? పంపుకు ముందు పారదర్శకమైన గొట్టం ముక్క కలిపి సెల్ఫ్ కొడితే బుడగలు కంటికే కనబడతాయి. ఒక బిగింపు క్లిప్పుతో పోయేదానికి వేలకు వేలు వదిలించుకున్నవారు ఉన్నారు.

బండి యజమానులను నేను తప్పు పట్టను. తెల్లవారుజామున పట్టుబడి అయింది, రొయ్యలు ఐసులో వేసి వ్యానుకు ఎక్కించారు, బండి కదలడం లేదు. ఐసు కరుగుతుంటే మనిషి దేనికైనా ఒప్పుకుంటాడు. ఆసుపత్రికి బయలుదేరినవారి పరిస్థితీ అంతే. ఆ కంగారును సొమ్ము చేసుకునేవారిని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఎంత తొందరలో ఉన్నా ఒక్క ప్రశ్న అడగండి: "ఏ పరీక్ష చేసి ఇది పోయిందన్నారు?" పని తెలిసినవాడు మీటరు రీడింగో, ప్రెషరో, కంటికి కనబడే గుర్తో చూపిస్తాడు. కోడ్ ఒక్కటే చూపిస్తే పార్టు కొనవద్దు.

మీరు కూడా కొన్ని చూసి చెప్పగలరు, దానితో మా పని సగం తేలికవుతుంది. తాళం ఆన్ చేయగానే ఇంజిన్ గుర్తు లైటు వెలుగుతోందా? అసలు వెలగకపోతే ఈసీఎమ్‌కు కరెంటే అందడం లేదేమో, ఫ్యూజు, రిలే దగ్గర మొదలుపెట్టాలి. చాలా పెట్రోలు కార్లలో తాళం ఆన్ చేసిన వెంటనే వెనక సీటు కింద నుంచి రెండు సెకన్లపాటు పంపు హోరు వినిపించాలి. డీజిల్ బండి అయితే సెల్ఫ్ కొడుతున్నప్పుడు పొగ గొట్టం చూడండి. తెల్లపొగ వస్తుంటే డీజిల్ లోపలికి వెళుతోంది, మండడం లేదు. పొగే లేకపోతే డీజిల్ చేరడం లేదు. ఈ నాలుగు మాటలూ ఫోన్‌లో చెప్పండి, పార్టు పేరు అక్కర్లేదు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను.

"బ్యాటరీ మార్చండి." సెల్ఫ్ చురుగ్గా తిరుగుతుంటే బ్యాటరీ తన పని చేస్తున్నట్టే. ఈడుస్తూ తిరిగితే అనుమానించండి. సెల్ఫ్ కొట్టేటప్పుడు వోల్టేజి 9.6 కన్నా దిగితే కొన్ని బండ్లలో ఈసీఎమ్ సరిగా పని చేయదు.

"తోస్తే అందుకుంటుంది." తోసినా ఇంజిన్ తిరగడమే కదా, ఆ పని సెల్ఫ్ చేస్తూనే ఉంది. తోసేవారికి నడుం నొప్పి తప్ప ఏమీ రాదు.

"గాలి ఫిల్టర్ దగ్గర పెట్రోలు గుడ్డ పెట్టండి." డీజిల్ బండికి ఈ పని దయచేసి చేయవద్దు. హీటర్ ప్లగ్‌లు వేడెక్కి ఉంటే ఆ ఆవిరి వేళ కాని వేళ అంటుకుని పిస్టన్లు, రింగులు దెబ్బతింటాయి. చేతులు కాలినవారూ ఉన్నారు.

"బంకులో నీళ్లు కలిపారు." వాట్సాప్‌లో ఎవరో పంపిన వీడియో చూసి నిర్ధారణకు రావద్దు. కొంచెం పెట్రోలు గాజు సీసాలో పట్టి కదల్చకుండా ఉంచండి. నీళ్లు ఎక్కువగా చేరి ఉంటే పెట్రోలులో కలిపే ఇథనాల్‌ను కూడా లాక్కుని అడుగున వేరే పొరగా నిలుస్తాయి. పొర కనబడితే అప్పుడు మాట్లాడదాం.

తాళంలోని చిప్పును గుర్తుపడితేనే నడిచే బండ్లు ఉంటాయి. అలాంటి చాలా బండ్లలో చిప్పు లేని మారు తాళంతో సెల్ఫ్ తిరుగుతుంది, ఇంజిన్ నిలవదు. మీటరు బోర్డులో తాళం గుర్తు మిణుకుమంటుంటే ముందు అసలు తాళంతో ప్రయత్నించండి.

సెల్ఫ్ ఎప్పటికన్నా వేగంగా, తేలిగ్గా, ఊపు లేకుండా గిర్రున తిరుగుతుంటే వెంటనే ఆపేయండి. టైమింగ్ బెల్టు తెగి ఉండవచ్చు. మామూలుగా కూడా ఒక్కసారికి పది సెకన్లు మించి కొట్టవద్దు, మధ్యలో అర నిమిషమైనా ఆగండి.

చివరిది వరద సంగతి. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరినప్పుడు ఇక్కడ లంక గ్రామాలు మునిగాయి. నీళ్లు తీసిన మర్నాడే "పని చేస్తుందేమో చూద్దాం" అని తాళం తిప్పినవారిని చూశాను. సిలిండర్‌లో నీళ్లుంటే పిస్టన్ వాటిని నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. మామూలు బీమా పాలసీలో ఇలా జరిగిన ఇంజిన్ నష్టానికి సాధారణంగా పరిహారం రాదు, దానికి ఇంజిన్ రక్షణ కవరు విడిగా తీసుకుని ఉండాలి. నీళ్లలో మునిగిన బండి తాళం జోలికి వెళ్లకండి. బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ విప్పండి, నీటి మట్టం తెలిసేలా ఫొటోలు తీసి బీమావారికి చెప్పండి, తర్వాత బండిని లాగించి తీసుకురండి.