బొమ్మ బాగోలేదనే ముందు: విశాఖ ఆపరేటర్ చెప్పే అపోహలు - వాస్తవాలు

ఇంట్లో ఓటీటీలో ఒకటి, వీలైతే హాల్లో ఒకటి. విశాఖలో సినిమా పిచ్చి ఉన్నవాళ్ల వారం ఇప్పుడు ఇంచుమించు ఇలాగే గడుస్తోంది. చూశాక వాట్సాప్‌లో రెండు ముక్కలు రాయకపోతే నిద్ర పట్టదు. రాయండి, తప్పేం లేదు. కథ నచ్చకపోయినా, సెకండాఫ్ సాగదీశారనిపించినా మొహమాటం లేకుండా చెప్పండి. నేను సినిమా హాల్లో ప్రొజెక్టర్ ఆపరేటర్ని, ఆ గొడవ నాది కాదు. కానీ "అంతా చీకటి", "మాటలు వినపడలేదు", "సీరియల్‌లా ఉంది" అనే మాటలు వింటే మాత్రం చెవి అటే పోతుంది. వాటిలో చాలావరకు బల్బు మీద, స్పీకరు మీద, మీ టీవీ సెట్టింగుల మీద రావాల్సిన ఫిర్యాదులు. తిట్లు మాత్రం కెమెరామన్‌కీ దర్శకుడికీ పడుతుంటాయి.

అపోహ: సినిమా చీకటిగా ఉందంటే కెమెరామన్ అలా తీశాడన్నమాట.

కావాలని చీకట్లో తీసే సినిమాలు ఉన్నాయి. అయినా ఆ చీకట్లో హీరో కళ్లు కనపడాలి, నల్ల చొక్కాకీ వెనక గోడకీ తేడా తెలియాలి. డిజిటల్ సినిమాకి తెర మధ్యలో 14 ఫుట్-లాంబర్ట్‌ల (తెర వెలుగుని కొలిచే లెక్క) వెలుగు ఉండాలని ఒక ప్రమాణం ఉంది. రంగులు సరిదిద్దేవాళ్లు ఆ వెలుగు చూసుకునే సినిమాని ఖాయం చేస్తారు. మీరు కూర్చున్న హాల్లో అంత వెలుగు పడుతోందా అన్నదే తేలాల్సిన సంగతి.

ప్రొజెక్టర్‌లో వెలిగే జినాన్ గ్యాసు బల్బు కొత్తలో ఉన్నట్టు చివరిదాకా ఉండదు. గంటలు గడిచేకొద్దీ మసకబారుతుంది, ఒక్కోసారి వెలుగు వణుకుతుంది. ఇన్ని గంటలు వాడాక మార్చేయాలని తయారీదారులే రాసిస్తారు. బల్బు చవక కాదు కాబట్టి "ఇంకో వారం లాగేద్దాం" అనే యజమానులు ఎక్కడైనా ఉంటారు. దానికి తోడు ప్రొజెక్టర్ ఉండే క్యాబిన్ కిటికీ అద్దం మీద మరకలు, తెర మీద ఏళ్లనాటి దుమ్ము. మన ఊళ్లో ఉప్పుగాలి అదనం. సముద్రానికి దగ్గరున్న హాళ్లలో అద్దాలు తుడవడం, కనెక్షన్లకి తుప్పు పట్టకుండా చూసుకోవడం రోజువారీ పనే.

బల్బు మార్చడం మీరెప్పుడూ చూసి ఉండరు. లోపల గ్యాసు బయటి గాలి కంటే ఎన్నో రెట్లు ఒత్తిడితో ఉంటుంది, చల్లారాక కూడా ఆ ఒత్తిడి పూర్తిగా పోదు. అందుకే ముఖానికి షీల్డు, చేతులకి గ్లౌజులు లేకుండా పెట్టె తెరవం. ఆ క్వార్ట్జ్ గాజుకి ఉత్త వేలు తగిలినా చాలు, జిడ్డు అంటుకున్నచోట వేడి ఎక్కువై బల్బు పగిలే ప్రమాదం ఉంది. అది పగిలితే వెనకున్న రిఫ్లెక్టర్ కూడా దెబ్బతింటుంది. ఇప్పుడు వస్తున్న లేజర్ ప్రొజెక్టర్లకి ఈ బాధ లేదు. వాటి వెలుగూ తగ్గుతుంది గానీ చాలా నెమ్మదిగా.

ఇంకో కారణం 3డీ. ప్రొజెక్టర్ ముందు పెట్టే 3డీ ఫిల్టర్ తీయకుండా 2డీ సినిమా వేస్తే వెలుగులో పెద్ద భాగం అక్కడే ఆగిపోతుంది. ప్రకటనల్లో తెల్లటి ఫ్రేమ్ వచ్చినప్పుడు గమనించండి. తెలుపు బూడిద రంగులోనో పసుపుగానో కనిపించినా, మధ్యలో బాగుండి మూలలు మసగ్గా ఉన్నా ఆ లోపం హాలుదే.

ఇంట్లో చీకటికి కారణాలు వేరు. పట్టపగలు కిటికీ తెరలు వేయకుండా థ్రిల్లర్ పెడితే ఏ టీవీలోనూ ఏమీ కనపడదు. కరెంటు ఆదా చేసే మోడ్ ఆన్‌లో ఉంటే తీసేయండి. తక్కువ వెలుగిచ్చే టీవీల్లో హెచ్‌డీఆర్ (వెలుగునీడల తేడా ఎక్కువగా చూపించే పద్ధతి) సినిమాలు మామూలు వాటికంటే చీకటిగా కనపడటం కూడా ఉంది.

అపోహ: మాటలు అర్థం కాలేదంటే హీరో నమిలేస్తున్నాడు, లేదా మ్యూజిక్ డైరెక్టర్ వాయించేశాడు.

అదీ కొంత నిజమే అయ్యుండొచ్చు. కానీ ముందు సౌండ్ ప్రాసెసర్ మీద అంకె చూడాలి. సినిమాని మిక్స్ చేసే స్టూడియోలో ఫేడర్, అంటే సౌండ్ పెంచే తగ్గించే మీట, 7 దగ్గర ఉంటుంది, ఆ స్థాయిలో వినాలని లెక్క. చాలా హాళ్లలో అది 5 దగ్గరో, అంతకంటే కిందో ఉంటుంది. ఫైట్‌లో ఎవరో చెవులు మూసుకుని మేనేజర్ దగ్గరికి వస్తారు, మేం తగ్గిస్తాం. తర్వాత అమ్మా కొడుకులు మెల్లగా మాట్లాడుకునే సీను వస్తుంది. అప్పుడు పెంచమని ఎవరూ రారు. "డైలాగులు పస లేవు" అనుకుంటూ ఇంటికెళ్తారు. అభిమానుల షో అయితే వరస తిరగబడుతుంది. అరుపులకి మించి వినపడాలని ఫేడర్ పైకి తోస్తారు, ఆ హోరులోనూ మాట తెలియదు.

మాటలు దాదాపు అన్నీ తెర వెనక మధ్యలో ఉండే స్పీకరు నుంచే వస్తాయి. హాలు తెరకి కంటికి ఆనని సన్నటి రంధ్రాలు ఉంటాయి, ధ్వని వాటిలోంచి ఇవతలికి వస్తుంది. ఆ మధ్య స్పీకరులో పై స్థాయి శబ్దాలు పలికించే డ్రైవర్ పోయిందనుకోండి, పాటలు భేషుగ్గా ఉంటాయి, మాటలు మాత్రం నోటికి గుడ్డ అడ్డుపెట్టుకుని మాట్లాడినట్టు వస్తాయి.

ఇంట్లో అయితే పల్చటి టీవీకి స్పీకర్లు కిందికో వెనక్కో తిరిగి ఉంటాయి. హాలు కోసం చేసిన 5.1 (ఆరు దారుల్లో విడగొట్టిన) ధ్వనిని రెండు చిన్న స్పీకర్లలోకి కుదించేసరికి మాటలు సంగీతం కింద నలిగిపోతాయి. ఆడియో ట్రాక్ ఎంచుకునే చోట స్టీరియో ఉంటే పెట్టుకోండి. టీవీలో మాటలని స్పష్టంగా వినిపించే మోడ్ ఉంటే అది వేసుకోండి. ఒక సౌండ్‌బార్ కొంటే సగం సమస్య పోతుంది. నెత్తిన ఫ్యాను అయిదులో తిరుగుతుంటే మాత్రం ఏ సౌండ్‌బారూ ఏం చేయలేదు.

బయట డాల్బీ అట్మాస్ (నెత్తి మీద నుంచి కూడా ధ్వని వినిపించే పద్ధతి) బోర్డు ఉంటే ప్రతి సినిమా అట్మాస్‌లో వస్తుందనుకోవడం కూడా ఇలాంటిదే. ఆ సినిమాని విడిగా అట్మాస్‌లో మిక్స్ చేసి ఉండాలి. లేకపోతే అవే స్పీకర్లలో 5.1 గానీ 7.1 గానీ పలుకుతుంది.

అపోహ: ఇంట్లో 4కే టీవీ ఉంది, హాల్లో ఉన్నది 2కే. కాబట్టి ఇంట్లోనే క్లియర్.

చుక్కల లెక్క ప్రకారం మీ మాట నిజం. 2కే అంటే 2048 బై 1080, ఫుల్ హెచ్‌డీ కంటే పెద్ద ఎక్కువేం కాదు. కానీ హాలుకి పూర్తి ప్రమాణాలతో వచ్చే డీసీపీలో (హాళ్ల కోసం తయారుచేసే డిజిటల్ సినిమా ఫైళ్లు) సెకనుకి 250 మెగాబిట్ల దాకా సమాచారం ఉండొచ్చు, ప్రతి ఫ్రేమూ విడివిడిగా నిండుగా ఉంటుంది. ఓటీటీలో 4కే సాధారణంగా 15 నుంచి 25 మెగాబిట్లలో వస్తుంది, నెట్ నెమ్మదిస్తే ఇంకా తక్కువ. మనుషులు కూర్చుని మాట్లాడుకునే సీనులో తేడా తెలియదు. వాన, పొగ, ఎగిరే రంగులు వచ్చినప్పుడు తెలుస్తుంది. మన ఆర్కే బీచ్‌లో తీసిన సీన్లనే చూడండి, అల విరిగి నురగ లేచే క్షణంలో ఓటీటీ బొమ్మ చిన్న చిన్న గళ్లుగా చెదిరిపోతుంది.

అలాగని ప్రతి హాలూ గొప్పదని నేననను. అన్ని హాళ్లకీ పూర్తిస్థాయి డీసీపీ రాదు, కొన్ని అంతకంటే తక్కువ నాణ్యత ఉన్న డిజిటల్ పద్ధతిలో నడుస్తాయి. ముసలి బల్బు, మాసిన తెర ఉన్న హాలు కంటే తెరలు వేసిన గదిలో మంచి టీవీయే నయం. ఆపరేటర్ అయ్యుండి ఈ మాటంటున్నానని మావాళ్లు కోప్పడినా సరే.

అపోహ: ఓటీటీలో చూస్తే సీరియల్‌లా ఉంది, తక్కువ ఖర్చుతో చుట్టేశారు.

నాకు బాగా చిరాకు తెప్పించేది ఇదే. మావయ్య ఒకాయన కొత్త టీవీ కొని, హాల్లో మెచ్చుకున్న సినిమానే ఇంట్లో చూసి "ఏటిరా, ఇది నాటకంలాగుందేటి?" అన్నాడు. సినిమా సెకనుకి 24 ఫ్రేములు. కొత్త టీవీలు ఆ ఫ్రేముల మధ్య లేని ఫ్రేముల్ని సొంతంగా కల్పించి కదలికని నున్నగా చేస్తాయి. సినిమాకి అలవాటైన కంటికి ఆ నునుపు కృత్రిమంగా తోస్తుంది, మేకప్పు, సెట్టింగు అన్నీ బయటపడినట్టు ఉంటుంది. సామ్‌సంగ్‌లో ఆటో మోషన్ ప్లస్ అనో పిక్చర్ క్లారిటీ అనో, ఎల్‌జీలో ట్రూమోషన్, సోనీలో మోషన్‌ఫ్లో అని ఉంటుంది. పిక్చర్ సెట్టింగుల్లోకి వెళ్లి ఆపేయండి. ఈ సౌకర్యాన్ని ఆపేసుకోమని 2018లో టామ్ క్రూజ్ అంతటివాడే వీడియో చేసి పెట్టాడు. 2019లో, ఇలాంటివన్నీ ఆపేసి సినిమాని తీసినట్టే చూపించే ఫిల్మ్‌మేకర్ మోడ్ ప్రకటించారు. మీ టీవీలో అది ఉంటే ఒక్క నొక్కుతో పని అయిపోతుంది. మధురవాడ స్టేడియంలో మ్యాచ్ ఉన్న రోజు కావాలంటే మళ్లీ ఆన్ చేసుకోండి, క్రికెట్‌కి బాగానే ఉంటుంది.

అపోహ: పైనా కిందా నల్ల పట్టీలు వస్తే బొమ్మ కోసేసినట్టు.

కోసినట్టు కాదు, పూర్తిగా చూపిస్తున్నట్టు. స్కోప్ సినిమా, అంటే బాగా వెడల్పాటి బొమ్మ ఉన్న సినిమా, వెడల్పు ఎత్తుకి 2.39 రెట్లు, టీవీ వెడల్పు 1.78 రెట్లే. తెలుగులో మొదటి స్కోప్ సినిమా 1974లో వచ్చిన అల్లూరి సీతారామరాజు, మన చింతపల్లి అడవుల్లో తీసింది. అలాంటి సినిమాని జూమ్ చేసి టీవీ నిండా పరిస్తే పక్కల నుంచి దాదాపు పావు వంతు బొమ్మ పోతుంది. కొండ అంచున నిలబడ్డవాళ్లలో ఇద్దరు మాయమవుతారు.

అపోహ: 70 ఎంఎం బోర్డున్న హాల్లో ప్రతిదీ 70 ఎంఎం.

కాదు. ఎంఎం అంటే మిల్లీమీటర్లలో రీలు వెడల్పు. రీళ్ల రోజుల్లో తెరా, మెషీనూ ఉన్నా వచ్చిన ప్రింట్లు ఎక్కువగా 35 ఎంఎం స్కోప్‌వే. తెలుగులో మొదటి 70 ఎంఎం సినిమా సింహాసనం, అది 1986లో గానీ రాలేదు.

అపోహ: డిజిటల్ వచ్చాక బటన్ నొక్కడమే, ఇంక ఆపరేటర్ ఎందుకు?

రీలు నిమిషానికి 90 అడుగులు పరిగెత్తేది, 2000 అడుగుల రీలు 22 నిమిషాలకి అయిపోయేది. రెండో మెషీన్ మీదికి మార్చడం కళ్లు పత్తికాయల్లా చేసుకుని చూస్తుండాల్సిన పని. ఇప్పుడు ఆ టెన్షన్ లేదు, దాని బదులు కీ టెన్షన్ వచ్చింది. సినిమా ముందే హార్డ్‌డిస్క్‌లోనో శాటిలైట్ ద్వారానో వచ్చి సర్వర్‌లో ఉంటుంది, కానీ తాళం వేసి ఉంటుంది. దాన్ని తెరిచే కీ విడిగా వస్తుంది. ఆ కీ ఆ ఒక్క సర్వర్‌కే పనిచేస్తుంది, ఫలానా తేదీ ఫలానా గంట నుంచి ఫలానా గంట వరకే. సర్వర్ పాడై వేరేది పెట్టామా, ఆ కీ చెల్లదు, కొత్తది తెప్పించాలి. జగదాంబ జంక్షన్ నిండా డప్పులు, టపాసులు, లోపల ఈలలు, తెర మీద మాత్రం ఏమీ లేకపోవడం ఎప్పుడైనా చూశారంటే క్యాబిన్‌లో ఎవరో కీ కోసం ఫోన్లు చేస్తున్నారని అనుకోవచ్చు.

అపోహ: ఇంకో షో పడాలని హాలువాళ్లే సీన్లు కోసేస్తారు.

రీళ్ల రోజుల్లో పాటలు ఎగరగొట్టిన మాట నిజమే. ఇప్పుడు తాళం వేసి వచ్చే సినిమా ఫైలుని హాలువాళ్లు కోయలేరు. విడుదలయ్యాక నిడివి తగ్గించేది నిర్మాతలే. దానికి సెన్సార్ ఆమోదం తీసుకుని కొత్త వెర్షన్ పంపిస్తారు. ఓటీటీకి ఒక్కోసారి మరో వెర్షన్ వెళ్తుంది. శుక్రవారం చూసినవాడు "సాగింది" అని, మరుసటి వారం చూసినవాడు "చకచకా పోయింది" అని కొట్టుకుంటుంటే ఇద్దరూ నిజమే చెబుతున్నారేమో.

అపోహ: వెనక వరసే రాజా సీటు.

ధ్వని సరిచూసేటప్పుడు మైకులు తెర నుంచి దాదాపు మూడింట రెండు వంతుల దూరంలో, మధ్య సీట్ల చుట్టూ పెడతారు. టికెట్ బుక్ చేసేటప్పుడు అక్కడ వెతకండి. చిట్టచివరి వరసలో వెనక గోడ స్పీకర్లు నెత్తిమీదే ఉంటాయి.

అపోహ: చెప్పినా ఎవరూ పట్టించుకోరు.

క్యాబిన్‌లో మాకు సినిమా మానిటర్ స్పీకరులో వినపడుతుంది, చిన్న కిటికీలోంచి కనపడుతుంది. హాల్లో మీ చెవికి ఎలా ఉందో అక్కడి నుంచి తెలియదు. పైగా మల్టీప్లెక్సుల్లో ఒక్కరే నాలుగైదు తెరలు చూసుకుంటారు, మీ షో నడుస్తున్నప్పుడు ఆయన వేరే క్యాబిన్‌లో ఉండొచ్చు. అందుకే మొదటి పది నిమిషాల్లోనే లేచి గేటు దగ్గర మనిషికి చెప్పండి. "సినిమా బాగోలేదు" అంటే ఆయన నవ్వి ఊరుకుంటాడు. "మాటలు తగ్గాయి, మ్యూజిక్ బాగానే ఉంది", "ఎడమ పక్క ఫోకస్ లేదు", "మూలల్లో మసగ్గా ఉంది" అని చెప్పండి. ఫోకస్, ఫేడర్ అప్పటికప్పుడు సరిచేస్తాం. బల్బు, స్పీకరు ఆట మధ్యలో మార్చలేం, అవి ఆట అయ్యాక చూడాల్సిందే. కాకపోతే నాలుగు షోల్లో నలుగురు అదే మాట చెబితే ఆ ఫిర్యాదు యజమాని టేబుల్ దాకా వెళ్తుంది.