వాద్యాలు లేని దీవుల నుంచి సింఫనీ: సున్‌లైఫ్ రాస్ముసెన్ నేపథ్యం

ఉత్తర ఐరోపా దేశాలు 1965 నుంచి ఇస్తున్న నార్డిక్ కౌన్సిల్ సంగీత పురస్కారం 2002లో తొలిసారి ఫారో దీవులకు వచ్చింది. అందుకున్నవారు స్వరకర్త సున్‌లైఫ్ రాస్ముసెన్. ఆయన 1995–97 మధ్య రాసిన మొదటి సింఫనీ (పెద్ద వాద్యబృందం కోసం పలు భాగాలుగా రాసే రచన) ‘ఓషియానిక్ డేస్’కు ఆ గౌరవం దక్కింది. ఫారో దీవుల నుంచి వెలువడిన తొలి సింఫనీగా కూడా దాన్నే లెక్కిస్తారు. సింఫనీ అనే రూపం 18వ శతాబ్దపు ఆస్ట్రియా స్వరకర్త హైడన్ చేతిలో కుదురుకుని రెండు శతాబ్దాలు దాటిన తర్వాత గాని ఆ దీవులలో ఒకరు దాన్ని చేపట్టలేదన్నమాట. ఇంత ఆలస్యం ఎందుకైందన్న ప్రశ్నకు అక్కడ సంగీతం లేకపోవడమే కారణమని ఎవరైనా అనుకుంటే అది పొరపాటు.

స్కాట్లాండ్, నార్వే, ఐస్‌లాండ్‌ల నడుమ అట్లాంటిక్ సముద్రంలో ఉన్న, డెన్మార్క్ రాజ్యంలో భాగమైన ఈ 18 దీవుల జనాభా నేటికీ దాదాపు 54 వేలే. మన దగ్గర ఒక మోస్తరు మండలంలో ఉండేంత మంది. ఇక్కడి జానపద సంప్రదాయం దాదాపు పూర్తిగా గొంతు మీదే నిలిచింది. పండుగల్లో ఊరి జనం చేతులు పట్టుకుని గొలుసుగా వలయం కట్టి, ఎడమకు రెండడుగులు, కుడికి ఒకటి వేస్తూ పాత వీరగాథలు పాడుతారు. సిగుర్డ్ వంటి వీరుల కథలు చెప్పే ఆ గేయాలు వందలాది చరణాల దాకా సాగుతాయి. తాళం వేసేది నేలను తాకే పాదాలే, మరే వాద్యమూ ఉండదు. ఈ గాథలను 1781–82లో ఫారో పండితుడు యెన్స్ క్రిస్టియన్ స్వాబో రాసిపెట్టే నాటికి అవి తరతరాలుగా నోటి మీదనే నడుస్తున్నాయి.

వీరగాథల కంటే చెవికి కొత్తగా తోచేది చర్చిలో సాగిన గానం. డెన్మార్క్ బిషప్ తోమస్ కింగో 1699లో వెలువరించిన కీర్తనల పుస్తకం ఈ దీవుల్లో స్థిరపడిపోయింది. చర్చిలో పాటకు తోడుగా వాయించే ఆర్గన్ లేదు, స్వరలిపి చూసి నేర్పేవారూ లేరు. వరుసలన్నీ విని పట్టుకున్నవే కావడంతో ఒక్కో ఊరిలో ఒక్కో పోకడ ఏర్పడింది. విలంబంగా సాగే ఆ గానంలో అందరూ ఒకే కీర్తన పాడుతున్నా, ఎవరి గమకం వారిదే, ఎవరి ఊపిరి వారిదే. ఒకే వరుస ఒకే క్షణంలో పలు రూపాల్లో వినిపిస్తూ, స్వరాలు ఒకదానితో ఒకటి ఒరుసుకుంటాయి. క్రమంగా ఆర్గన్లు, కొత్త కీర్తనల పుస్తకాలు వచ్చాక ఈ పద్ధతి వెనకబడింది. శిక్షణ పొందిన చెవికి ఒకప్పుడు ఇది అపస్వరంగా తోచి ఉండవచ్చు గాని, 20వ శతాబ్దపు స్వరకర్తలు వాద్యబృందం చేత కష్టపడి సాధించిన ధ్వని పొరలు ఆ చెక్క చర్చిల్లో ఎప్పటినుంచో ఉన్నాయని నాకనిపిస్తుంది.

సింఫనీ ఆలస్యానికి భాష చిక్కు కూడా తోడైంది. 16వ శతాబ్దపు మత సంస్కరణ తర్వాత చర్చిలోను, పాలనలోను డేనిష్ భాషే చెల్లింది. ఫారో భాష ఇళ్లకు, గాథలకు పరిమితమైంది. ఫారో మతగురువు, భాషావేత్త హామర్స్‌హైంబ్ 1846లో దానికి లేఖన పద్ధతి స్థిరపరిచారు, 1948లో దీవులకు స్వపరిపాలన వచ్చింది. విచిత్రమేమంటే, తమదైన సంగీతంగా ఫారో జనం చెప్పుకునే కింగో గానంలోని మాటలు మాత్రం డేనిష్‌వే.

సింఫనీ రాయాలంటే ప్రతిభ ఒక్కటే చాలదు. వాయించేవారు, వినిపించే భవనం కావాలి. రాజధాని టోర్స్‌హావ్న్‌లో నార్డిక్ హౌస్ అనే సాంస్కృతిక భవనం 1983లో తెరుచుకుంది. ఫారో సింఫనీ ఆర్కెస్ట్రా ఏర్పడిందీ ఆ ఏడాదే. డెన్మార్క్ నుంచి వచ్చి స్థిరపడిన క్రిస్టియాన్ బ్లాక్ 1977లోనే ‘టుటల్’ రికార్డుల సంస్థను మొదలుపెట్టారు. 1995లో ‘అల్దుబారన్’ అనే చిన్న వాద్యబృందం తయారైంది. ఉన్నత శిక్షణకు మాత్రం సముద్రం దాటక తప్పేది కాదు.

సాందోయ్ దీవిలో 1961లో పుట్టిన రాస్ముసెన్ దారీ అదే. నార్వేలో కొంత చదువుకుని, స్వస్థలంలో సంగీతం నేర్పి, 1990లో కోపెన్‌హాగెన్‌లోని రాయల్ డేనిష్ సంగీత అకాడమీలో చేరారు. అక్కడ ఇబ్ నోర్‌హోల్మ్ వద్ద స్వరరచన, ఐవార్ ఫ్రౌన్‌బెర్గ్ వద్ద ఎలక్ట్రానిక్ సంగీతం అభ్యసించి 1995లో బయటికి వచ్చారు. ఈ రెండో చదువు ఆయనకు ఎక్కువ అక్కరకు వచ్చిందని నా అభిప్రాయం. ఒక ధ్వనిని దాని ఉపస్వరాలుగా విడదీసి చూసే అలవాటు ఉన్న చెవికి జానపద వరుస ముడిసరుకుగా కనిపిస్తుంది. అందుకే ఆయన రచనల్లో ఫారో పాటను యథాతథంగా వెతికితే సాధారణంగా దొరకదు. వరుసలోని అంతరాలు, దాని నడక కొత్త నిర్మాణానికి పునాదిగా లోపల ఉండిపోతాయి. జానపద గీతాల వరుసలకు వాద్యాలు తొడిగే పాత పద్ధతికీ దీనికీ తేడా ఇక్కడే ఉంది.

2006లో నార్డిక్ హౌస్‌లో ప్రదర్శించిన ‘పిచ్చివాని తోటలో’ ఫారో దీవుల మొదటి ఒపేరా (పాటలతో సాగే సంగీత నాటకం). దాని ఆధారం ఫారో రచయితే అయినా జీవితమంతా డేనిష్‌లో రాసిన విలియం హైనెసెన్ కథ. ఒపేరా మాత్రం ఫారో భాషలో వచ్చింది. మూడు శతాబ్దాల క్రితం కింగో కీర్తనల్లో డేనిష్ మాట ఫారో గొంతులోకి దిగినట్టే, ఇక్కడ డేనిష్ కథ ఫారో మాటలోకి దిగింది. ఆ తర్వాత రికార్డర్ అనే పిల్లనగ్రోవి వంటి వాద్యం వాయించే డేనిష్ కళాకారిణి మికాలా పెత్రి కోసం, పక్షులు తమ ఎల్లలు చాటుకునే కూతల తలపుతో, ‘టెరిటోరియల్ సాంగ్స్’ అనే కన్‌చెర్టోను (ఒక ప్రధాన వాద్యానికి వాద్యబృందం తోడయ్యే రచన) రాశారు. రెండో సింఫనీలో ప్రాచీన నార్స్ కావ్యం ‘వోలుస్పా’ను తీసుకుని గాయకులను, బృందగానాన్ని మళ్లీ ఆర్కెస్ట్రా ముందుకు తెచ్చారు.

నార్డిక్ కౌన్సిల్ సంగీత పురస్కారం ఆ దీవులకు రెండోసారి చేరడానికి 2021 దాకా పట్టింది. ఈసారి దాన్ని అందుకున్నది ఒక గాయని, ఐవోర్ పాల్స్‌డోట్టిర్.