షాద్‌నగర్‌కి సమితి తెచ్చిన మెహతా, కచ్‌లో కూలిన విమానం

2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో ఎయిర్ ఇండియా విమానం కూలి మాజీ ముఖ్యమంత్రి విజయ్ రూపానీ చనిపోయినప్పుడు వార్తల్లో ఒక మాట పదేపదే వచ్చింది. గుజరాత్ ముఖ్యమంత్రులుగా చేసినవాళ్ళలో ఇట్లా విమానం కూలి చనిపోయిన రెండో మనిషి ఈయన అని. మరి మొదటి మనిషి ఎవరు అని పాలమూరులో, అంటే మా మహబూబ్‌నగర్‌లో, గ్రూప్స్‌కి చదివే పిల్లల్ని అడిగితే చాలామంది తెల్లమొహం వేస్తారు. అదే "మూడంచెల పంచాయతీరాజ్ ఏ కమిటీ?" అనండి, ప్రశ్న పూర్తి కాకముందే జవాబు వచ్చేస్తుంది. నిజానికి రెండింటికీ జవాబు ఒకటే: బల్వంతరాయ్ మెహతా.

మా దిక్కు ముఖ్యమంత్రి గాల్లో పోయాడంటే ఎవరికైనా గుర్తొచ్చేది 2009 సెప్టెంబర్ 2, వైఎస్ హెలికాప్టర్. అది కూలింది కూడా నల్లమలలోనే కాబట్టి అచ్చంపేట, అమ్రాబాద్ వాళ్ళు ఆ రోజు టెన్షన్‌ని ఇప్పటికీ చెప్తారు. కానీ మెహతాది వాతావరణం బాగాలేక జరిగిందీ కాదు, ఇంజను చెడిపోయి జరిగిందీ కాదు. పాకిస్తాన్ యుద్ధ విమానం వెంటాడి కాల్చి కూల్చింది. మన దేశంలో పదవిలో ఉన్న ముఖ్యమంత్రి ఒకరు శత్రు విమానం కాల్పుల్లో చనిపోవడం అదొక్కసారే జరిగింది. అంత పెద్ద సంగతి మన పుస్తకాల్లో ఎక్కడా కనపడదు, ఆయన పేరు పక్కన "కమిటీ" అన్న మాట మాత్రం అతుక్కుపోయింది.

1965 యుద్ధం అనగానే మనకి కశ్మీర్, లాహోర్ గుర్తొస్తాయి గానీ గొడవ ముందు మొదలైంది కచ్‌లో. ఆ ఏప్రిల్‌లోనే రాన్ ఆఫ్ కచ్ ఉప్పు నేలల్లో రెండు సైన్యాలు తలపడ్డాయి, బ్రిటన్ మధ్యవర్తిత్వంతో అది సద్దుమణిగింది, సరిహద్దు తగాదా ట్రిబ్యునల్‌కి పోయింది. ఆగస్టులో పాకిస్తాన్ కశ్మీర్‌లోకి మనుషుల్ని పంపించడం, సెప్టెంబర్ 6న మన సైన్యం పంజాబ్‌లో అంతర్జాతీయ సరిహద్దు దాటడం, ఇవన్నీ ఆ తర్వాత. సెప్టెంబర్ 7 రాత్రి పాకిస్తాన్ నౌకాదళం వచ్చి ద్వారక మీద గుండ్లు కురిపించింది. అంటే గుజరాత్ ముఖ్యమంత్రికి యుద్ధం ఎక్కడో ఉత్తరాన జరుగుతున్న విషయం కాదు, తన రాష్ట్రం ఒడ్డు మీదికే వచ్చేసింది.

సెప్టెంబర్ 19 ఆదివారం. పొద్దున అహ్మదాబాద్‌లో ఎన్‌సీసీ ర్యాలీలో మాట్లాడారు, ఇంటికొచ్చి భోజనం చేశారు, మధ్యాహ్నం భార్య సరోజ్‌బెన్‌ని వెంటబెట్టుకుని విమానాశ్రయానికి బయల్దేరారు. వెంట ముగ్గురు సిబ్బంది, ఒక పత్రికా విలేకరి. ఎక్కింది రెండు ఇంజన్ల చిన్న బీచ్‌క్రాఫ్ట్, రాష్ట్ర ప్రభుత్వానిది. నడిపేది జహంగీర్ ఇంజనీర్, వైమానిక దళంలో పనిచేసి వచ్చినవాడు, మాజీ వైమానిక దళాధిపతి ఆస్పీ ఇంజనీర్‌కి తమ్ముడు. కో పైలట్‌తో కలిపి మొత్తం ఎనిమిది మంది. వెళ్ళాల్సింది మిఠాపూర్‌కి, అంటే ద్వారక పక్కనే, అక్కడి నుంచి కచ్ సరిహద్దు వైపు.

ఇటు ఈ విమానం సరిహద్దు దగ్గరికి వస్తుంటే అటు పాకిస్తాన్ రాడార్‌లో పడింది. కరాచీ దగ్గర మౌరీపూర్ వైమానిక స్థావరం నుంచి ఎఫ్-86 సేబర్ యుద్ధ విమానంలో లేచిన పైలట్ పేరు కైస్ హుస్సేన్, ఫ్లయింగ్ ఆఫీసర్, అంటే కుర్రవాడే. ఆయనే తర్వాత చెప్పినదాని ప్రకారం దగ్గరికెళ్ళి చూస్తే అది సివిల్ విమానం అని తెలిసిపోయింది, రెక్కల్ని అటూ ఇటూ ఊపింది కూడా. గాల్లో అట్లా ఊపడం అంటే మమ్మల్ని వదిలేయండి అని వేడుకోవడమే. ఆయన వెంటనే కాల్చలేదు. కింద కంట్రోలర్‌ని అడిగాడు, కాసేపు ఆగాడు, కాల్చమని ఆదేశం వచ్చింది, కాల్చాడు. ముందు ఎడమ రెక్క, తర్వాత కుడి ఇంజను. కచ్‌లో సుథరి ఊరి దగ్గర విమానం కూలింది. ఒక్కరు కూడా మిగల్లేదు. తాను ఎవరిని చంపాడో ఆ పైలట్‌కి ఆ రోజు సాయంత్రం ఆకాశవాణి వార్తలు చెప్పేదాకా తెలియదు.

కచ్‌లో ఇండియా కొత్త ఫ్రంట్ తెరవబోతోంది, దానికి ఫోటోలు తీసుకోవడానికి వచ్చిన విమానం ఇది అని అటువైపు వాళ్ళు అనుకున్నారట. అనుకోవచ్చు, యుద్ధంలో అనుమానం సహజం. కానీ సివిల్ విమానం అని పైలట్ కళ్ళారా చూసి చెప్పాక కూడా కింద గదిలో కూర్చున్నవాళ్ళు కాల్చమన్నారు చూడండి, నాకు అక్కడ అనుమానం సరిపోయే సాకుగా అనిపించదు. ఇంకోపక్క మనవాళ్ళని కూడా అడగాలి కదా, యుద్ధం నడుస్తుండగా ఆయుధం లేని చిన్న విమానంలో ముఖ్యమంత్రిని సరిహద్దు అంచుకి ఎట్లా పోనిచ్చారు అని. నాలుగు రోజులు ఆగితే, సెప్టెంబర్ 23న కాల్పుల విరమణ అయిపోయింది.

2011 ఆగస్టులో, అంటే 46 ఏళ్ళ తర్వాత, అదే కైస్ హుస్సేన్ వెతికి పట్టుకుని జహంగీర్ ఇంజనీర్ కూతురికి ఈమెయిల్ రాశాడు. ఆదేశం పాటించానని చెప్పుకున్నాడు, పోయిన ప్రాణాలకి సంతాపం చెప్పాడు. ఆమె కోపం పెట్టుకోకుండా మంచిగా జవాబిచ్చింది. అప్పట్లో రెండు దేశాల పేపర్లూ ఈ వార్త వేశాయి. ఆ మెయిల్ వల్లే చాలామందికి, నాకు కూడా, మెహతా ఎట్లా పోయారో వివరంగా తెలిసింది.

ఇక ఈ మనిషికీ పాలమూరుకీ ఏం సంబంధం అంటే, చాలా ఉంది.

మెహతాది భావనగర్. చదువు అయ్యాక పరాయి ప్రభుత్వం ఇచ్చే డిగ్రీ నాకొద్దు అని వదిలేసి 1920ల్లో ఉద్యమంలో దూకారు, బార్డోలీ సత్యాగ్రహంలో ఉన్నారు. స్వతంత్రం వచ్చాక లోక్‌సభకి వెళ్ళారు. అప్పటికి 1952 అక్టోబర్ 2న మొదలైన సామాజిక అభివృద్ధి పథకం దేశమంతా నడుస్తోంది, కొన్ని ఊళ్ళు కలిపి చేసిన బ్లాకులు, వాటిని చూసే అధికారులు బీడీవోలు, గ్రామసేవకులు, జీపులు. డబ్బు ఖర్చవుతోంది గానీ ఊళ్ళోవాళ్ళు దాన్ని తమ పని అనుకోవట్లేదు, సర్కారు పని అనుకుంటున్నారు. ఎందుకిట్లా అని తేల్చడానికి 1957 జనవరిలో మెహతా అధ్యక్షతన కమిటీ వేశారు, నవంబర్‌లో రిపోర్టు వచ్చింది. అందులో సారం ఏమిటంటే, ఎన్నికైన మనుషుల చేతికి అధికారమూ డబ్బూ రెండూ ఇవ్వకుండా ఊళ్ళు బాగుపడవు. ఊరికి పంచాయతీ, బ్లాకుకి పంచాయతీ సమితి, జిల్లాకి జిల్లా పరిషత్. అసలు బలమంతా మధ్యలో ఉన్న సమితికి పెట్టాలన్నది ఆయన లెక్క, ఎందుకంటే ఊరు మరీ చిన్నది, జిల్లా మరీ దూరం.

1959 అక్టోబర్ 2న రాజస్థాన్‌లో నాగౌర్‌లో నెహ్రూ దీన్ని మొదలుపెట్టారు. కొద్ది వారాల్లోనే ఆంధ్రప్రదేశ్ వంతు వచ్చింది, దక్షిణాదిలో మొదటిది మనదే, అది జరిగింది మహబూబ్‌నగర్ జిల్లా షాద్‌నగర్‌లో, దానికీ నెహ్రూయే వచ్చారు. అప్పుడు ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి. షాద్‌నగర్ అంటే హైదరాబాద్‌కి యాభై కిలోమీటర్లు, కర్నూలు పోయే రైలూ రోడ్డూ రెండూ ఉన్నాయి, పైగా హైదరాబాద్ రాష్ట్ర ముఖ్యమంత్రిగా చేసిన బూర్గుల రామకృష్ణారావు ప్రాతినిధ్యం వహించిన చోటు.

ఆ కాలానికి మన ఊళ్ళు ఎట్లా ఉండేవో తలుచుకుంటే ఇది ఎంత పెద్ద మార్పో అర్థమవుతుంది. నల్గొండలో సాయుధ పోరాటం ముగిసి ఎనిమిదేళ్ళే అయింది. పోచంపల్లిలో వినోబా భావేకి వంద ఎకరాలు ఇచ్చింది 1951లో. దొర గడీ నిలబడే ఉంది, మాలీ పటేల్, పోలీస్ పటేల్, పట్వారీ వంశపారంపర్యంగా నడుస్తూనే ఉన్నారు. అలాంటి చోట బడి కట్టాలన్నా బావికి లోను రావాలన్నా ఓట్లతో గెలిచిన సమితి ప్రెసిడెంట్ దగ్గరికి పోవాలి అన్నది కొత్త ముచ్చట. చాలాచోట్ల ఆ ప్రెసిడెంట్ కుర్చీలో కూర్చున్నది మళ్ళీ ఆ దొర కొడుకో అల్లుడో, అది వేరే సంగతి, దాన్ని దాచిపెట్టి మెహతాని పొగడటం నాకు ఇష్టం లేదు. అయినా ఆ కుర్చీ కోసం ఊరూరూ తిరిగి దండం పెట్టాల్సి వచ్చింది వాళ్ళకి. దాంతో కింది కులాల సర్పంచ్ ఓటుకి విలువ వచ్చింది. సమితి ప్రెసిడెంట్‌గా మొదలై ఎమ్మెల్యేలు, మంత్రులు అయినవాళ్ళు మన జిల్లాల్లో తక్కువేం కాదు.

ఇంకో విషయం. జిల్లా పరిషత్‌కి కలెక్టరే అధ్యక్షుడిగా ఉండాలని మెహతా కమిటీ చెప్పింది. మన రాష్ట్రం అక్కడ ఆయన మాట వినకుండా 1959 చట్టంలో ఎన్నికైన ఛైర్మన్‌ని పెట్టింది, కలెక్టర్‌ని స్థాయీ సంఘాల దగ్గర ఉంచింది. మంచి పనే చేశారు.

ఇక ఆయన అంత బలం పెట్టిన సమితి ఇప్పుడు లేదు. 1977లో వేసిన ఇంకో మెహతా, అశోక్ మెహతా కమిటీ మండల పంచాయతీలు కావాలంది, ఎన్టీఆర్ వచ్చాక 1986 చట్టంతో సమితులు పోయి చిన్న చిన్న మండల పరిషత్తులు వచ్చాయి. పరీక్షల్లో ఈ ఇద్దరు మెహతాల దగ్గరే మార్కులు పోతుంటాయి. మండలం జనానికి దగ్గరయింది, నిజమే, కానీ సమితికి ఉన్న డబ్బూ పలుకుబడీ దానికి రాలేదు. మండల అభివృద్ధి అధికారి అంటే ఎంపీడీవో ఆఫీసుని ఇంకా బీడీవో ఆఫీసు అనే ముసలాళ్ళు మక్తల్ నుంచి దేవరకొండ దాకా దొరుకుతారు, వాళ్ళని కదిలిస్తే సమితి రోజుల్లో ఎవరు ఏ రోడ్డు వేయించారో పేర్లతో సహా చెప్తారు. మొన్నటి ఎంపీపీ, అంటే మండల పరిషత్ అధ్యక్షుడి పేరు అడిగితే మాత్రం ఆలోచిస్తారు.

2024 ఫిబ్రవరిలో తెలంగాణలో సర్పంచుల గడువు ముగిస్తే ఊళ్ళు ప్రత్యేకాధికారుల చేతికి పోయాయి, ఆ జూలైలో మండల, జిల్లా పరిషత్తులు కూడా అదే దారి పట్టాయి. ఎన్నికైనవాళ్ళు లేకుండా ఆఫీసర్లే ఊరు నడపడం, 1957లో మెహతా తప్పుపట్టింది సరిగ్గా దీన్నే. ఇక షాద్‌నగర్ 2016 జిల్లాల విభజనలో రంగారెడ్డికి వెళ్ళిపోయింది కాబట్టి పరీక్షకి పోయేవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోండి, 1959 అని అడిగితే జిల్లా మహబూబ్‌నగరే.