లోడ్ 38, సీపీయూ ఖాళీ: ఆ అంకె పుట్టుపూర్వోత్తరాలు

సైట్ తెరుచుకోవడం లేదని ఫోనొస్తుంది. సర్వర్‌లోకి లాగిన్ అయి అప్‌టైమ్ అనే కమాండ్ కొడితే లోడ్, అంటే యంత్రం మీద పని భారం చెప్పే సగటు అంకె, 38. సీపీయూలో ఉన్నవేమో నాలుగు కోర్లు (ఒకేసారి పనిచేయగల భాగాలు). ఏ ప్రోగ్రామ్ ఎంత వాడుతోందో చూపే టాప్ తెరిస్తే సీపీయూ చాలావరకు ఖాళీ! ఇక్కడే టెన్షన్ పడి ఇంకా ఎక్కువ కోర్లున్న సర్వర్‌కు మారిపోయేవాళ్లు ఉంటారు. మర్నాడు మళ్లీ అదే లోడ్, బిల్లు మాత్రం పెరిగింది. ఇంతకీ ఆ అంకె దేన్ని లెక్కపెడుతోంది?

ఈ లెక్క ఇంటర్నెట్‌కు పూర్వరూపమైన అర్పానెట్ కాలం నాటిది. పీడీపీ-10 యంత్రాల మీద నడిచే టెనెక్స్ అనే సిస్టమ్‌లో అది ఉండేది. 1973 ఆగస్టు నాటి ఆర్ఎఫ్‌సీ 546 అనే సాంకేతిక పత్రం దాన్ని సూటిగా వివరించింది: గంట సగటు లోడ్ 10 అంటే, ఒక ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రామ్) సీపీయూ మీద నడుస్తుంటే తొమ్మిది తమ వంతు కోసం నిలబడ్డాయని. డిస్క్ కోసం ఆగినవి లెక్కలోకి రావు. రేషన్ షాపు ముందు క్యూలో ఉన్నవాళ్లనే లెక్కపెట్టి, కార్డు మర్చిపోయి ఇంటికి పరిగెత్తినవాణ్ని వదిలేసినట్టు.

యూనిక్స్‌లు ఇదే పద్ధతిని అందుకున్నాయి. లైనక్స్ కూడా మొదట్లో అంతే. 1993 అక్టోబర్‌లో మథియాస్ ఉర్లిక్స్ అనే డెవలపర్ ఒక చిన్న ప్యాచ్ (కోడ్ సవరణ) పంపాడు. అతని వాదన నాకు ఇప్పటికీ సబబుగానే అనిపిస్తుంది. వేగంగా పనిచేసే స్వాప్ డిస్క్ (ర్యామ్ చాలనప్పుడు వాడుకునేది) తీసేసి నత్తనడక డిస్క్ పెడితే ప్రాసెస్‌లన్నీ దాని దగ్గరే ఇరుక్కుంటాయి, సీపీయూ క్యూ పలచబడుతుంది, లోడ్ తగ్గుతుంది. యంత్రం చతికిలబడుతుంటే అంకె బాగుందని చెప్పడమేమిటి? అందుకని మధ్యలో లేపడానికి వీల్లేని నిద్రలో ఉన్న ప్రాసెస్‌లనూ, అంటే టాప్‌లో ‘డి’ అక్షరంతో కనిపించేవాటినీ కలిపేశారు. కార్డు కోసం ఇంటికెళ్లినవాడూ క్యూలో ఉన్నట్టే లెక్క. తర్వాత కెర్నల్‌లో, అంటే లైనక్స్ గుండెకాయలో, ఇంకొన్ని చోట్ల, కొన్ని తాళాల (లాక్‌ల) దగ్గర కూడా, ఇదే రకం నిద్ర వచ్చి చేరింది. ఈ మార్పు ఎందుకు జరిగిందో 2017లో సిస్టమ్‌ల పనితీరు నిపుణుడు బ్రెండన్ గ్రెగ్ పాత మెయిళ్లు తవ్వి బయటపెట్టేదాకా చాలామందికి తెలియదు. కెర్నల్ కోడ్‌లోనే ఒక వ్యాఖ్య ఉంది: ఇదో పిచ్చి అంకె, కానీ జనం ముఖ్యమనుకుంటారని.

వెబ్ సర్వర్ల దగ్గర ఈ పాత ప్యాచ్ ప్రభావం బాగా కనిపిస్తుంది. 1995లో వచ్చిన అపాచీ అనే వెబ్ సర్వర్ పాత పద్ధతి ప్రకారం ఒక్కో కనెక్షన్‌కు ఒక్కో ప్రాసెస్. మామూలు సెట్టింగ్‌లో గరిష్ఠంగా 256. పీహెచ్‌పీతో కలిపి ఒక్కోటి 40 ఎంబీ తింటుందనుకుంటే మొత్తం 10 జీబీ. ఉన్న ర్యామ్ 4 జీబీ అయితే? పరీక్షా ఫలితాల రోజులా జనం ఒక్కసారి ఎగబడగానే స్వాప్ మొదలవుతుంది, ఒక్కో ప్రాసెస్ ‘డి’లోకి జారుతుంది, లోడ్ చుక్కలనంటుతుంది. అచ్చంగా ఉర్లిక్స్ చెప్పిన పరిస్థితే. అప్పుడు కావాల్సింది కోర్లు కాదు, 256ను 60కో 70కో దించడం. నెట్‌వర్క్ మీద ఫైళ్లు అందించే ఎన్ఎఫ్ఎస్ సర్వర్ పలకకపోయినా ఇదే దృశ్యం.

తమాషా ఏమిటంటే, డేటాబేస్ జవాబు కోసం నెట్‌వర్క్ మీద ఎదురుచూసే ప్రాసెస్ ఈ లెక్కలోకి రాదు. కాబట్టి లోడ్ 0.5 ఉండి కూడా సైట్ చచ్చిపడి ఉండొచ్చు.

1999లో ప్రోగ్రామర్ డాన్ కెగెల్ ఒకే సర్వర్ పదివేల కనెక్షన్లను ఎలా తట్టుకోవాలన్న సమస్యను చర్చకు పెట్టడం, 2004లో ఇగోర్ సిసోయెవ్ ఎన్‌జిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్ విడుదల చేయడంతో కనెక్షన్‌కో ప్రాసెస్ అన్న భారం తగ్గింది. లోడ్ అంకె మాత్రం మారలేదు. పైగా అప్‌టైమ్ చూపే ఒక నిమిషం సగటు అన్నది నిఖార్సైన సగటు కూడా కాదు: ఖాళీ యంత్రంలో ఒకే ప్రాసెస్ నిమిషమంతా సీపీయూను తిన్నా అది 0.62 దగ్గరే ఉంటుంది.

అందుకే లోడ్ చూశాక నేను వీఎంస్టాట్ అనే కమాండ్ తెరుస్తాను. ‘ఆర్’ కాలమ్‌లో అంకె పెద్దదైతే సీపీయూ క్యూ, ‘బీ’ పెద్దదైతే ఇరుక్కున్నవి. పక్కనే స్వాప్ రాకపోకలు. 2018 డిసెంబర్‌లో వచ్చిన లైనక్స్ 4.20 నుంచి ఇంకో సౌకర్యం ఉంది. ప్రాక్ (/proc) కింద ప్రెషర్ ఫోల్డర్‌లో సీపీయూ, మెమరీ, ఐఓ (డిస్క్ రాకపోకల వంటివి) మూడింటికీ విడివిడిగా, ఎంత సమయం ఎదురుచూపుల్లో పోయిందో శాతాల్లో చూపిస్తుంది.